బొమ్మ చౌకైంది, మాట చౌక కాలేదు

పోయిన ఎండాకాలం సెలవులకు మా ఊరు చంద్రాపూర్ వెళ్ళినప్పుడు పక్కింటి పెద్దమ్మ వచ్చింది. మా అక్కకు ఏదో సంబంధం ఉందని చెప్పడానికి వచ్చింది. మాటల మధ్యలో "పెద్దబిడ్డ ఏం చేస్తది?" అని అడిగింది. "ఏం చేస్తది, ఇంట్లనే ఉంటది. కంప్యూటర్ల ఇండ్ల బొమ్మలు గీస్తది" అని మా అమ్మ జవాబు. పెద్దమ్మ నవ్వి, "గా బొమ్మలు ఇప్పుడు ఫోన్లనే వస్తున్నయంట గద! మా మనుమడు మొన్ననే చూపించిండు" అంది.

అక్క లోపలి గదిలోనే ఉంది. అన్నీ విన్నది. ఏమీ అనలేదు. నాకే కోపం వచ్చింది. కానీ ఎవరి మీద కోపమో తెలియలేదు. అమ్మ అబద్ధం చెప్పలేదు. పెద్దమ్మ చెప్పిందీ అబద్ధం కాదు. బొమ్మలు నిజంగానే ఫోన్లో వస్తున్నాయి. మరి అక్క చేసే పని ఏమిటి? దానికి ఇంకా డబ్బులు ఎందుకివ్వాలి? హాస్టల్‌కు తిరిగి వచ్చాక కూడా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు, అందుకే ఈ వ్యాసం.

మన గోడపత్రికలో ఎక్కువగా కవితలు, పుస్తక పరిచయాలు వస్తాయి. తెలుగు డిపార్ట్‌మెంట్ గోడ మీద ఇండ్ల బొమ్మల గొడవ ఏమిటని మీరు అనుకోవచ్చు. ఆఖరిదాకా చదవండి, ఇది మన గొడవ కూడా.

ముందు మా ఊరి సంగతి. చంద్రాపూర్ మహారాష్ట్రలోనే ఉంది గానీ మా ఇంట్లో తెలుగే. మా తాత బొగ్గుబావి పనికి వచ్చి అక్కడే ఉండిపోయాడు. మా పక్క తాలూకా రాజురా 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలోనిదే. బల్లార్షా దాటితే తెలంగాణ ఎంతో దూరం లేదు. అందుకే అక్కకు పని ఇచ్చేవాళ్ళలో మరాఠీవాళ్ళూ ఉన్నారు, కాగజ్‌నగర్, మంచిర్యాల వైపు తెలుగువాళ్ళూ ఉన్నారు. అక్క సివిల్ డిప్లొమా చేసి, నాగపూర్‌లో ఒక ఆర్కిటెక్ట్ దగ్గర రెండేళ్ళు పనిచేసింది. 2020 లాక్‌డౌన్‌లో ఇంటికి వచ్చి, అప్పటి నుంచి సొంతంగా చేసుకుంటోంది. ఫ్రీలాన్స్ అన్నమాట. జీతం లేదు, సెలవు లేదు, సారు లేడు. పని వస్తే డబ్బులు, లేకపోతే లేవు.

ఆమె పని ఏమిటంటే, కట్టబోయే ఇంటిని కట్టకముందే చూపించడం. మా దగ్గర అందరూ "త్రీడీ వ్యూ" అంటారు, కొందరు "ఎలివేషన్" అంటారు. ఇల్లు కట్టించుకునే చాలామందికి ప్లాన్ చదవడం రాదు. కాగితం మీద గీతలు, అంకెలు ఉంటాయి. వంటగది పది బై ఎనిమిది అని రాసుంటే అందులో ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడగలరా లేదా తెలియదు. అక్క ఆ ఆటోక్యాడ్ గీతలు తీసుకుని కంప్యూటర్లో గోడలు లేపుతుంది. తలుపులు, కిటికీలు పెడుతుంది. గచ్చు ఏ రాయి, గోడ ఏ రంగు, తలుపు ఏ కర్ర అన్నీ ఒక్కొక్కటిగా ఇస్తుంది. సూర్యుడు ఎటు నుంచి వస్తాడో పెడుతుంది. ఎక్కడ నిలబడి చూస్తే ఇల్లు ఉన్నదున్నట్టు కనిపిస్తుందో అక్కడ కెమెరా పెడుతుంది. తర్వాత రెండరింగ్. కిటికీలోంచి వచ్చిన వెలుగు నేలకు తగిలి, నేల నుంచి గోడకు, గోడ నుంచి పైకప్పుకు ఎట్లా పోతుందో కంప్యూటర్ ఒక్కో చుక్కకూ లెక్కగడుతుంది. మంచి బొమ్మ ఒక్కటి రావడానికి గంటలు పడుతుంది. మే నెలలో 47 డిగ్రీల ఎండలు మా ఊరికి కొత్త కాదు. పగలు పెడితే కంప్యూటర్ కాగిపోయి దానంతటదే ఆగిపోతుంది. అందుకే అక్క రాత్రి పదకొండుకు పెట్టి, మధ్యలో రెండుసార్లు లేచి చూసుకుంటుంది. "ఇంట్లనే ఉంటది" అన్న మాటలో ఈ రాత్రులేవీ కనబడవు.

ఈ పనికి యంత్రం అడ్డురావడం ఇదే మొదటిసారి కాదు. ఒకప్పుడు ఈ బొమ్మలను సిరాతో, నీటిరంగులతో చేత్తో గీసేవాళ్ళు. 1990లో త్రీడీ స్టూడియో వచ్చింది, 1996లో అది త్రీడీఎస్ మ్యాక్స్ అయింది. ఆ తర్వాత బల్గేరియాలో తయారైన వీ-రేతో వెలుగు లెక్క సులువైంది. 2010లో లూమియాన్ వచ్చాక గంటల పని నిమిషాల్లోకి దిగింది. 2022 జూలైలో మిడ్‌జర్నీ, ఆగస్టులో స్టేబుల్ డిఫ్యూజన్ అందరికీ అందుబాటులోకి వచ్చాయి. రెండు వాక్యాలు టైపు చేస్తే చాలు, ఇల్లు తయారు. ప్రతిసారీ "ఇక ఈ పని అయిపోయింది" అన్నారు. ప్రతిసారీ కొందరికి నిజంగానే అయిపోయింది, కొందరు కొత్తది నేర్చుకున్నారు.

చేత్తో గీసే కాలంలో మాత్రం గీసినవాళ్ళకు విలువ ఉండేదా అంటే, అదీ అనుమానమే. మేరియన్ మహోనీ గ్రిఫిన్ అని ఒకామె ఉంది. 1871లో షికాగోలో పుట్టింది, 1894లో ఎమ్‌ఐటీలో ఆర్కిటెక్చర్ చదువు పూర్తి చేసింది. ఫ్రాంక్ లాయిడ్ రైట్ ఆఫీసులో ఏళ్ళ తరబడి బొమ్మలు గీసింది. 1910లో బెర్లిన్‌లో అచ్చయిన రైట్ బొమ్మల సంపుటి ఆయనకు యూరప్‌లో పెద్ద పేరు తెచ్చింది. అందులో చాలా బొమ్మలు ఆమె చేతివే అని చరిత్రకారులు చెబుతారు. 1912లో ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రా నగర పోటీలో గెలిచింది ఆమె భర్త వాల్టర్. ఆ పోటీకి పంపిన పెద్ద పెద్ద బొమ్మలు గీసింది మేరియన్. ఈ దంపతులు మన దేశానికి కూడా వచ్చారు. 1936లో ఆమె లక్నోలో భర్తతో కలిసి పనిచేసింది. భర్త 1937లో అక్కడే చనిపోయాడు. కాన్‌బెర్రా అనగానే చాలా కాలం చెప్పుకున్నది వాల్టర్ పేరే. అప్పుడు ఏఐ లేదు, ఆమె పోటీపడింది యంత్రంతో కాదు. అయినా బొమ్మ గీసిన చెయ్యి వెనకే ఉండిపోయింది. కాబట్టి తప్పంతా యంత్రం మీద వేస్తే మన లెక్క సరికాదు.

ఇప్పుడు అక్కకు ఏం జరుగుతోందో చెప్తాను.

ఇల్లు కట్టుకునే ఒకాయన ఏఐతో చేసిన బొమ్మ పంపి, "ఇట్లనే చేసియ్యి. డిజైన్ నేనే ఇచ్చిన గద, సగం రేటుకు చెయ్యి" అన్నాడు. బొమ్మ చాలా బాగుంది. నాకైతే అక్క బొమ్మ కంటే బాగుందనిపించింది. అక్క చూసి మూడు సంగతులు చెప్పింది. మెట్లు పైకి వెళ్ళి గోడకు తగిలి ఆగిపోతున్నాయి. పైగది కింద స్తంభం లేదు. ఇల్లు పడమర ముఖం, ముందు గోడంతా అద్దమే. చంద్రాపూర్‌లో మే నెల సాయంత్రం నాలుగింటికి ఆ హాల్లో ఎవరు కూర్చుంటారు? ఆయన ప్లాన్లో లేని స్థలం కూడా ఆ బొమ్మలో ఉంది. ఏఐ లక్షల బొమ్మలు చూసి ఇల్లు ఎట్లా కనిపిస్తుందో నేర్చుకుంది. ఈ ఇంటి కిటికీ ఎన్ని అడుగులో దానికి తెలియదు.

ఇక్కడ ఆగి "చూశారా, యంత్రానికి మనిషంత తెలివి లేదు" అని వ్యాసం ముగించవచ్చు. చాలామంది అట్లాగే ముగిస్తున్నారు. నాకు అది మోసం అనిపిస్తుంది, మనల్ని మనమే మోసం చేసుకోవడం. ఎందుకంటే ప్లాన్ గీతలు దాటకుండా ఏఐతో బొమ్మ చేయించే పద్ధతులు 2023 నుంచే ఉన్నాయి. రేపు మెట్లు సరిగ్గా గీస్తుంది, స్తంభమూ పెడుతుంది. అక్క కూడా ఆకాశానికి, చెట్లకు, మొదట చూపించే చిత్తు బొమ్మలకు దాన్ని వాడుతోంది. వాడొద్దు అనేవాళ్ళ మాట నేను ఒప్పుకోను. యంత్రం తప్పులు చేస్తుంది కాబట్టి మనిషి కావాలి అనే వాదన, యంత్రం తప్పులు మానేసిన రోజున కూలిపోతుంది. అంతకంటే గట్టి నేల కావాలి.

ఆ నేల నాకు ఇంకో సంఘటనలో కనిపించింది. ఇది చెప్పడానికి అక్క ఒప్పుకోలేదు మొదట. తర్వాత "పేర్లు రాయకుండ రాసుకో" అంది.

ఊరి చివర వరుస ఇండ్లు కట్టే ఒక బిల్డర్‌కు అక్క బ్రోచర్ బొమ్మలు చేసింది. ఆ స్థలం వెనక మురికి నాలా ఉంది. బిల్డర్ అక్కడ చెట్లు, నడిచే దారి, పిల్లలు ఆడుకునే తోట పెట్టమన్నాడు. "అందరూ పెడ్తరమ్మా, బొమ్మనే గద" అన్నాడు. అక్క పెట్టింది. ఆ నెల నా హాస్టల్ ఫీజు ఆ డబ్బుతోనే కట్టింది. కొన్ని నెలల తర్వాత మా నాన్నకు తెలిసిన ఒక ముసలాయన, బావిలో పనిచేసి రిటైరైనాయన, భార్యతో కలిసి మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఆ బ్రోచరే. బొమ్మ మా అక్కే చేసిందని నాన్న గొప్పగా చెప్పి ఉన్నాడు. ఆ ముసలమ్మ బొమ్మలో తోట మీద వేలు పెట్టి, "బిడ్డా, ఈ తోట మా ఇంటికి ఎంత దూరం వస్తది? మనుమరాలు ఆడుకోను బాగుంటది" అని అడిగింది.

అక్క కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అక్కడ తోట లేదమ్మా. నాలా ఉంది. నేనే గీసిన" అంది. వాళ్ళు అప్పటికి ఇంకా అడ్వాన్సు కట్టలేదు, అదొక్కటే అదృష్టం. ఈ సంగతి బిల్డర్ దాకా పోయింది. ఆయన అక్కకు ఇవ్వాల్సిన పాత బాకీ ఇవ్వలేదు. మళ్ళీ పని కూడా ఇవ్వలేదు. మా నాన్న రెండు రోజులు అక్కతో మాట్లాడలేదు. తప్పు చేసినందుకా, నిజం చెప్పినందుకా అని నేను అడగలేదు.

ఇప్పుడు చెప్పండి. ఆ తోటను ఏఐ గీసి ఉంటే అక్క గీసిన దానికంటే పచ్చగా, అందంగా గీసేది. నిమిషంలో గీసేది. కానీ ఆ ముసలమ్మ బొమ్మ మీద వేలు పెట్టి ఎవర్ని అడిగేది? కట్టబోయే ఇంటి బొమ్మ అంటే బొమ్మ మాత్రమే కాదు. అది మాట. "నీకు ఇట్లాంటి ఇల్లు వస్తుంది" అని ఒక మనిషి ఇంకో మనిషికి ఇచ్చే మాట. మన భాషలో మాట ఇస్తాం, మాట మీద నిలబడతాం, మాట తప్పుతాం. వీటిలో ఒక్కటీ యంత్రం చేయలేదు. ఎంత తెలివి వచ్చినా చేయలేదు, ఎందుకంటే రేపు తలుపు తట్టి అడిగితే జవాబు చెప్పడానికి దానికి ఇల్లు లేదు, పేరు లేదు.

చట్టం కూడా ఈ మాటను గుర్తించింది. 2016లో వచ్చిన రెరా చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ప్రకటనలోనో బ్రోచర్‌లోనో ఉన్న తప్పు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టినవాళ్ళు నష్టపోతే బిల్డర్ పరిహారం ఇవ్వాలి. ఇల్లు వద్దనుకుంటే కట్టిన డబ్బంతా వడ్డీతో తిరిగి ఇవ్వాలి. బాధ్యత బిల్డర్‌దే, బొమ్మ చేసినవాళ్ళది అని చట్టం అనలేదు. కానీ బ్రోచర్ అంటే ఉత్త అలంకారం కాదని దీంతో తేలిపోయింది.

అందుకే నా అభిప్రాయం ఇది. బొమ్మ చౌక కావడాన్ని ఆపలేం, ఆపాల్సిన అవసరమూ లేదు. కానీ అక్కలాంటివాళ్ళు ఇక మీద బొమ్మకు ధర చెప్పడం మానేసి, మాటకు ధర చెప్పాలి. ఇన్ని గంటలు పట్టింది కాబట్టి ఇన్ని రూపాయలు అంటే, గంటలు తగ్గిన ప్రతిసారీ రూపాయలూ తగ్గుతాయి. మూడు రోజుల పని ఒక రోజులో అయితే రేటు మూడో వంతు ఇస్తామంటారు. మిగిలిన ఆ రెండు రోజులు ఎవరివి? కొత్త పనిముట్టు నేర్చుకుంది అక్క, కంప్యూటర్ కొన్నది అక్క, కరెంటు బిల్లు కట్టింది మా నాన్న. లాభం మాత్రం ఎదుటివాళ్ళకు పోతుంది. అట్లా కాకుండా, "నేను మీ స్థలానికి వచ్చి చూస్తాను, ప్లాన్‌తో సరిపోల్చుకుంటాను, ఈ బొమ్మలో ఉన్నదానికి నేను జవాబు చెప్తాను, దానికి ఇంత" అని చెప్పాలి.

"ఎవరిస్తారు అట్లా?" అని మీరు అడుగుతారు. మా నాన్న కూడా అదే అడిగాడు. నిజమే, అందరూ ఇవ్వరు. అమ్మేసి పోయే బిల్డర్‌కు మాటతో పని లేదు. కానీ ఉన్న పొలం అమ్ముకుని, జీవితంలో ఒక్క ఇల్లు కట్టుకునేవాళ్ళకు పని ఉంది. సగం రేటు అడిగినాయన సంగతే చూడండి. అక్క ఆ మూడు తప్పులు చెప్పాక వారం తర్వాత మళ్ళీ ఫోన్ చేశాడు. పడమటి గోడ మార్పించుకున్నాడు, పూర్తి రేటు ఇచ్చాడు. ఒక్క ఉదాహరణతో అంతా బాగుందని నేను అనను. నిరుటి కంటే అక్కకు పని తగ్గింది. మొన్న ఫోన్లో "ఇంకో రెండేండ్లు చూస్త, తర్వాత తెల్వది" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు.

ఆమె మార్చుకున్న పద్ధతులు కొన్ని ఉన్నాయి. అవి మనకూ పనికొస్తాయి కాబట్టి రాస్తున్నా. ఒకటి, సగం అడ్వాన్సు రాకుండా మొదలుపెట్టదు. రెండు, మార్పులు రెండుసార్లే, మూడోసారికి వేరే డబ్బులు, అది ముందే రాసి పంపుతుంది. మూడు, ఏటేటా అద్దె కట్టాల్సిన సాఫ్ట్‌వేర్ వదిలి, ఉచితంగా దొరికే బ్లెండర్ నేర్చుకుంది. నాలుగు, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకుంది. 2020 జూలై నుంచి ఇది ఆన్‌లైన్‌లో ఉచితం. 2006 నాటి ఎమ్‌ఎస్‌ఎమ్‌ఈ చట్టం ప్రకారం చిన్న సంస్థలకు పని చేయించుకున్నవాళ్ళు ఒప్పుకున్న గడువులో డబ్బివ్వాలి. ఆ గడువు 45 రోజులు దాటకూడదు. ఒప్పందమే లేకపోతే 15 రోజులు. ఆలస్యమైతే బ్యాంకు రేటుకు మూడింతలు చక్రవడ్డీ. ఒంటరిగా ఇంట్లో పనిచేసే ఆడపిల్ల కూడా ఈ చట్టం కింద ఒక సంస్థే. ఈ సంగతి అక్కకు ముందే తెలిసి ఉంటే ఆ పాత బాకీ గురించి అంత ఏడ్చేది కాదేమో.

అయిదోది నాకు బాగా నచ్చింది. ఇప్పుడు ప్రతి బొమ్మతో పాటు ఒక కాగితం పంపుతోంది. ఈ బొమ్మలో ప్లాన్ ప్రకారం గీసినవి ఇవి, అందం కోసం ఊహించి పెట్టినవి ఇవి అని రెండు వరుసలు. మరాఠీలో తనే రాసుకుంది. తెలుగులో నేను రాసిచ్చాను. "ఊహ" అని రాయాలా, "కల్పన" అని రాయాలా అని ఫోన్లో అరగంట వాదించుకున్నాం. చివరికి "ఇది ఇప్పుడు అక్కడ లేదు" అని రాశాం. ఆ ముసలమ్మ చదివినా అర్థం కావాలి కదా.

ఇక మన సంగతి. మన క్లాసులో డీటీపీ చేసేవాళ్ళు ఉన్నారు, అనువాదాలు చేసేవాళ్ళు ఉన్నారు, వీడియోలకు సబ్‌టైటిళ్ళు రాసేవాళ్ళు ఉన్నారు. పేజీకి ఇంత, నిమిషానికి ఇంత అని తీసుకుంటున్నాం. "మిషను అనువాదం చేసేసింది, నువ్వు జస్ట్ చూసి ఇవ్వు, పావు రేటు" అనే మాట మనలో ఇప్పటికే ఇద్దరు ముగ్గురు విన్నారు. ఆ "జస్ట్ చూడటం" అంటే ఏమిటి? మందు చీటీ మీద "భోజనానికి ముందు" అన్నది "తర్వాత" అని పడితే పట్టుకోవడం. కోర్టు కాగితంలో ఒక్క "కాదు" జారిపోతే కనిపెట్టడం. అది పావు పని కాదు. మాట నిలబెట్టే పని అదే.

డిపార్ట్‌మెంట్ మేడంలకు, సార్లకు ఒక విన్నపం. లేఖారచనలో మనం సెలవు చీటీ నేర్చుకున్నాం, సంపాదకుడికి లేఖ నేర్చుకున్నాం. పని ఒప్పుకునేటప్పుడు రాసుకునే ఒప్పంద పత్రం ఒక పేజీలో, తేట తెలుగులో ఎట్లా రాయాలో ఒక్క క్లాసు చెప్పండి. ఏ పని, ఎన్ని రోజులు, ఎంత డబ్బు, ఎన్ని మార్పులు, ఎప్పుడిస్తారు. మనలో చాలామంది రేపు ఇంట్లో కూర్చుని పనిచేయబోయేవాళ్ళమే.

అమ్మను నేను తప్పుపట్టను. పని అంటే పొద్దున పోయి సాయంత్రం వచ్చేది అని ఆమె చూసింది. దసరా సెలవులకు వెళ్ళినప్పుడు ఆ రెండు వరుసల కాగితం అమ్మ ముందు పెట్టి చదివి వినిపించాలనుకుంటున్నాను. పక్కింటి పెద్దమ్మ మళ్ళీ అడిగితే ఏం చెప్పాలో అప్పుడు అమ్మే చెప్తుంది.

— బి.ఏ. ద్వితీయ సంవత్సరం విద్యార్థిని